తుపాకిలోని చిన్న కొక్కెము



మన పల్లెలలో పాతాళగరిగె నెఱుగని పెద్దలుండరు. చేద త్రాడు తెగి బావిలో పడినప్పుడు ఇనుప కొక్కెముల గుత్తిని మఱియొక త్రాటికి కట్టి దింపి, నీటి యడుగున తడవి, చేదను పట్టి మెల్లగా పైకి లాగుదురు. చేద బావిలో పడుటకు విద్య యక్కఱలేదు. దానిని మరల గట్టునకు తెచ్చుటకే విద్య కావలయును. ఈ సాయంకాలము నేను చెప్పబూనినది తుపాకి చరిత్రలో అట్టి యొక కొక్కెమును గూర్చిన కథ.

తుపాకి యనగానే మనకు ధ్వనియు, నిప్పును, గుండును తోచును. చరిత్ర గ్రంథములును ఎవరు కాల్చిరి, ఎవరు పడిరి అని చెప్పి యూరకుండును. ప్రేలిన పిమ్మట గొట్టములో మిగిలిన ఖాళీ డొప్ప యేమగునని యడుగువారు తక్కువ. ఆ డొప్ప వెలుపలికి రానిచో రెండవ తూటా లోనికి పోదు. రెండవ తూటా పోనిచో ఎంత వెలగల తుపాకియైనను చేతికఱ్ఱతో సమానము. ఎమ్మిగనూరు నేతగాండ్రకు ఈ సంగతి వేఱుగ బోధింప నక్కఱలేదు. నాడెలోని కండె అయిపోయినంతనే ఖాళీ కండెను తీసి నిండు కండెను పెట్టవలయును. ఖాళీ కండె నాడెలో బిగుసుకొన్నచో మగ్గము నిలిచిపోవును. మగ్గము నిలిచిన నష్టము ఒక పూట కూలి. యుద్ధభూమిలో తుపాకి నిలిచిన నష్టము ప్రాణము.

మొదట మన ప్రాంతపు సంగతితోనే మొదలిడుదము. ఆదవాని దుర్గము తుపాకి మందు వాసన నెఱుగని దుర్గము కాదు. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగు దీనిని ముట్టడించెను. అప్పుడు దుర్గము బీజాపూరు సుల్తానుల కొలువువాడైన సిద్ది మసూదుఖాను చేతిలో నుండెను. తాను ప్రీతితో కట్టించిన జామియా మసీదువైపు మొగలాయి ఫిరంగులు తిరుగుట చూచి, మనసు నిలువక అతడు కోటను వదలుకొనెనని పెద్దలు చెప్పుదురు. 1786లో టిప్పు సుల్తాను ముట్టడించి దుర్గమును గైకొని కోటగోడలను పాడుచేయించెను. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీవారి కిచ్చివేసెను. దత్తమండలముల మొదటి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురుపడిన పాళెగాండ్రు 80 మంది. వారందఱికిని సాయుధులైన బంట్లుండిరి. 1801లో దేవనకొండ చెంతనున్న తెర్నేకల్లు గ్రామస్థులు ముట్టుకూరు గౌడప్ప పెద్దరికమున కంపెనీ యధికారమును ధిక్కరించి తమ మట్టికోటలో నిలిచిరి. కంపెనీ సేన ఫిరంగులు తెప్పించి గాని దానిని లోబఱచుకొనలేకపోయెను.

ఈ పోరాటములలో ఇరుపక్షములవారి చేతి తుపాకులును మూతినుండి నింపునవే. జామగి తుపాకిని నింపు విధము మీలో కొందఱు తాతల నోట వినియుందురు. గొట్టము మూతినుండి మందు పోసి, గజముతో దట్టించి, గుండు వేసి, దానిపై గుడ్డ పీలికయో కొబ్బరి పీచో క్రుక్కి, మరల దట్టించి, చెవి దగ్గఱ కొంచెము మందు చల్లి, రగులుచున్న జామగిని తాకింపవలయును. కంపెనీ సిపాయిల తుపాకులలో జామగికి బదులు చెకుముకిరాయి యుండెను. తక్కిన పని యంతయు ఒకటే. ఆ తుపాకి ప్రేలిన పిమ్మట లోపల మిగులునది మసి మాత్రమే. తీయవలసిన డొప్ప లేదు. కావున తీయు కొక్కెమును లేదు.

అయినను తీయు విద్య అప్పుడును కొంత కలదు. మందు తడిసి ప్రేలని యెడల లోపలి గుండు నెట్లు తీయవలయును? గజము కొనకు మరచుట్టుగల ముల్లు నొకదానిని బిగించి, మూతినుండి దించి, మెత్తని సీసపు గుండులో త్రిప్పి గ్రుచ్చి లాగుచుండిరి. ఇది మన పాతాళగరిగెకు తోబుట్టువు వంటిది. తుపాకిలో చిక్కినదానిని వెలుపలికి తెచ్చు సాధనములలో దీనిని పెద్దదిగా నెంచవచ్చును.

ఇక పందొమ్మిదవ శతాబ్దమున వచ్చిన మాఱ్పు వినుడు. మూతినుండి నింపుట ఆలస్యమగు పని. సిపాయి నిలువబడి నింపవలయును. అంతలో శత్రువు మీదికి వచ్చును. కావున వెనుకనుండి నింపు ఉపాయమును పలువురు వెదకిరి. 1841లో ప్రష్యా రాజ్యము డ్రైసె అను తాళములవాని కుమారుడు కల్పించిన తుపాకిని గైకొనెను. దాని వెనుకభాగము మన తలుపు గడియవలె ముందునకు త్రోసి ప్రక్కకు త్రిప్పిన మూసికొనును. నేడు మనము గడియ రైఫిలు, బోల్టు రైఫిలు అనునది దాని సంతతియే. దాని తూటా కాగితపుది. కాగితము కాలిపోవుటచే తీయవలసిన దేమియు మిగులదు. కాని మందు కాలిన వాయువు గడియ సందులనుండి వెనుకకు చిమ్మి కాల్చువాని ముఖమునకు తగులుచుండెను.

ఆ బాధను తీర్చినది లోహపు డొప్ప. మందును రాగిడొప్పలోనో ఇత్తడిడొప్పలోనో కూర్చి మూతికి గుండు బిగించిరి. ప్రేలినప్పుడు డొప్ప ఉబ్బి గొట్టపు గోడలకు అతుకుకొనును. వాయువు వెనుకకు రాదు. కాల్చువాని కన్నులు కాపాడబడును. కాని గోడల కతుకుకొని కాపాడిన ఆ డొప్పయే ప్రేలిన పిమ్మట గొట్టమును వదలక పట్టుకొనును. ఒక బాధ తీఱి మఱియొక బాధ పుట్టినది. కొక్కెపు అవసరము ఇక్కడనే జనించినది.

తొలినాళ్లలో వ్యాప్తికి వచ్చిన లోహపు డొప్పలలో ఒకటి అంచున ప్రేలునది. దీనిని రిమ్‌ఫైరు తూటా యందురు. 1845లో పారిసు నగరమున ఫ్లోబర్ట్ అను తుపాకిపనివాడు ఇంటిలోపల వినోదముగ కాల్చుకొనుటకు చిన్న తూటా నొకదానిని కల్పించెను. దానినుండి ఎదిగినదే .22 తూటా. ఇందు డొప్ప అడుగున చుట్టును వెడల్పగు అంచుండును. తాకినంతనే ప్రేలు మందు ఆ అంచులోపల వలయముగ నిలిచియుండును. తుపాకిలోని ముల్లు ఆ అంచును గొట్టి నలిపినచో అది ప్రేలి లోపలి మందు నంటించును. ముల్లు నలుపగలుగుటకై అంచు పలుచగ నుండవలయును. కాబట్టి ఈ తూటాకు పెద్ద బలమును పెట్టలేము. ఒకమాఱు నలిగిన డొప్పను మరల నింపుకొనలేము. చౌకయగుట, చప్పుడును త్రోపును తక్కువయగుట దీని గుణములు.

1857 సంవత్సరము మనకు వేఱొక తూటా మూలమున జ్ఞాపకము. ఎన్‌ఫీల్డు తుపాకి కాగితపు తూటాకు పూసిన క్రొవ్వు గూర్చి మన సిపాయిలు తిరుగబడిన యేడది. అదే యేడు అమెరికాలో స్మిత్, వెస్సన్ అను నిరువురు అంచున ప్రేలు .22 పొట్టి తూటాను, దాని కొక చిన్న చేతి తుపాకిని అంగడికి తెచ్చిరి. ఆ తుపాకిలోను కొక్కెము లేదు. తూటాలుండు చక్రమును ఊడదీసి, గొట్టము క్రింద నమర్చిన ఒక కడ్డీమీద పెట్టి, డొప్పలను ఒక్కొక్కటిగ పొడిచి తీయవలయును. అదే తూటా పెరిగి 1887లో స్టీవెన్సు కంపెనీవారి చేతిలో .22 లాంగు రైఫిలు అను రూపము దాల్చినది. నూటముప్పదియేండ్లు దాటినను లోకమున అందఱి చేతులలో మెలగుచున్న చిన్న తూటా అదియే.

1857 తరువాత పాలకులు తుపాకులను బాగుచేయుటలో రెండు త్రోవలు త్రొక్కిరి. ఎన్‌ఫీల్డు తుపాకి గొట్టములో గుండును త్రిప్పి తిన్నగ పంపు మెలిచాళ్లుండెను. దేశీయ సిపాయిలకై 1859 నమూనా యని చేయించిన తుపాకి చూచుటకు ఎన్‌ఫీల్డు వలెనే యుండును. కాని దాని గొట్టము లోపల నునుపు. దూరపు గుఱి దానికి రాదు. ఇది మెఱుగు కాదు, తఱుగు. తుపాకిలో చిన్న మాఱ్పు చేయు అధికారము ఎవరి చేతిలో నుండునో, ఎవరి బలము పెరుగవలయును ఎవరి బలము తఱుగవలయును అనుదానిని వారే నిర్ణయింతురు. ఈ మాట చరిత్ర చదువువారు గుర్తుంచుకొనదగినది.

రెండవ త్రోవ నిజముగ మెఱుగే. మూతినుండి నింపు ఎన్‌ఫీల్డు తుపాకులు లక్షలకొలది చేరియుండెను. వానిని పాఱవేయుటకు ఖజానా యొప్పదు. 1866లో జేకబ్ స్నైడర్ అను అమెరికావాని ఉపాయమును గైకొని గొట్టము వెనుకభాగమును కోసి, ప్రక్కకు తెఱచు మూత నొకదానిని అమర్చిరి. పాత తుపాకి క్రొత్తదైనది. ఆ మూతకే ఒక కొక్కెముండెను. మూత తెఱచి వెనుకకు లాగిన కొక్కెము డొప్పను కొంచెము వెలుపలికి తెచ్చును. అంతటితో దాని పని ముగియును. పిమ్మట సిపాయి తుపాకిని బోరగిల త్రిప్పి డొప్పను క్రింద రాల్పవలయును. నడుము వంగిన ముసలి యెద్దు సగము మడి దున్ని నిలిచినట్లు ఆ కొక్కెము సగము పని చేసి నిలిచినది. అయినను ఉన్న తుపాకికి క్రొత్త భాగము చేర్చి బాగుచేయుట యను పద్ధతికి అది గొప్ప యుదాహరణము.

తరువాత 1871లో వచ్చిన మార్టినీ హెన్రీ రైఫిలు కొక్కెపు ప్రాముఖ్యమును రక్తముతో నేర్పినది. ఆ తుపాకి క్రింది మీటను దించిన కొక్కెము డొప్పను వెనుకకు విసరును. చూచుటకు ముచ్చటైన పని. కాని ఆనాటి తూటా డొప్ప పలుచని ఇత్తడి రేకును చుట్టి, అడుగున ఇనుప బిళ్ల నొకదానిని బిగించి చేసినది. 1885 జనవరి 17వ తేదీన సూడాను దేశమున అబూక్లియా యొద్ద జరిగిన పోరులో తుపాకులు వేడెక్కెను, ఇసుక దూఱెను, చుట్టిన రేకు గోడల కంటుకొనెను. కొక్కెము లాగినప్పుడు అడుగుబిళ్ల మాత్రము ఊడి వచ్చి, రేకు గొట్టములోనే నిలిచిపోయెను. చేత తుపాకి యుండియు సైనికులు నిస్సహాయులైరి. ఈ వార్త ఇంగ్లండులో గొప్ప యలజడి పుట్టించినది. అటుపై డొప్పను ఒకే ఇత్తడి బిళ్లనుండి సాగదీసి చేయ మొదలిడిరి. 1887 నాటి నమూనాలో లాగుటకు బలము చాలునట్లు మీటను పొడవు చేసిరి. లోపమెచ్చట నుండెనో గమనింపుడు. కొక్కెము మంచిదే. అది పట్టుకొన్న అంచు బలహీనము. పాతాళగరిగె ఎంత గట్టిదైనను చేద కడియము త్రుప్పుపట్టినచో ఫలమేమి?

ఆ తరువాత వచ్చినవి గడియ రైఫిళ్లు. 1888లో లీ మెట్‌ఫర్డు, 1895లో లీ ఎన్‌ఫీల్డు ఇంగ్లీషు సేనకు వచ్చెను. జర్మనీలో మౌజరు 1898 నాటి రైఫిలునకు వెడల్పైన పట్టుగల పొడవాటి కొక్కెమును పెట్టెను. అది తూటా లోనికి పోవునప్పుడే అంచును పట్టుకొని, ఖాళీ డొప్పయై వెలుపలికి వచ్చువఱకు విడువదు. గడియ రైఫిలులో మఱియొక నేర్పు కలదు. పిడిని పైకెత్తునప్పుడే లోపలి వాలు అంచు ఒకటి గడియను కొంచెము వెనుకకు నెట్టును. ఆ మొదటి కదలిక మెల్లనిది, బలమైనది. అంటుకొన్న డొప్ప దానితో గోడను వదలును. పిమ్మట గడియను చఱ్ఱున లాగిన డొప్ప కొక్కెమును పట్టుకొని వెంట వచ్చును. బురదలో దిగిన చేదను ఒక్క గుంజు గుంజక, మొదట మెల్లగ కదలించి పిమ్మట లాగు బావికాని నేర్పే యిది.

ఇక .22 తూటాయు గడియ రైఫిలును ఎట్లు కూడెనో చెప్పెదను. పెద్ద తూటాతో అభ్యాసము చేయుట ఖర్చు. 1880ల దశకమున మోరిస్ అనునతడు పెద్ద రైఫిలు గొట్టములో దూర్చు సన్న గొట్టము నొకదానిని కల్పించెను. దానితో చిన్న తూటాలు కాల్చి గుఱి నేర్చుకొనవచ్చును. దక్షిణాఫ్రికాలో బోయరు రైతులతో 1899 మొదలు 1902 వఱకు జరిగిన యుద్ధమున తమవారి గుఱి చాలదని ఇంగ్లండు గ్రహించినది. 1881 మొదలు 1885 వఱకు మన మద్రాసు సేనకు అధిపతిగా నుండిన రాబర్ట్సు ప్రభువు ఆ యుద్ధానంతరము ఊరూర చిన్న రైఫిళ్ల సంఘములు నెలకొల్పవలయునని ప్రచారము చేసెను. సేనలో అరిగిన పెద్ద రైఫిళ్లను .22 రైఫిళ్లుగ మార్చుట ఒక పరిశ్రమ యయ్యెను. బర్మింగ్‌హామ్ నగరపు పార్కర్ అంగడివారు పాత గొట్టమున క్రొత్త గొట్టము తొడిగి ఇచ్చుటలో పేరుపొందిరి.

ఆ మాఱ్పులలో అన్నిటికంటె కష్టమైనది గడియ మూతిపని. పెద్ద తూటాకు ముల్లు నడుమ తగులవలయును. .22 తూటాకు అంచున తగులవలయును. కొక్కెము పెద్ద అంచునకు బదులు చిన్న అంచును పట్టవలయును. .22 డొప్ప అంచు అడ్డుకొలత సుమారు 7 మిల్లీమీటర్లు, దళసరి సుమారు 1 మిల్లీమీటరు. కొక్కెపు పంటికి దొరకు చోటు వరిగింజ ముక్కు కన్న హెచ్చు కాదు. సేనలోని లీ ఎన్‌ఫీల్డునుండి మార్చిన రెండవ నంబరు .22 రైఫిలునందు డొప్పను దూరముగ విసరు ఏర్పాటు లేదు. లోపలి సరంజామా తీసివేసిన ఖాళీ తూటాపెట్టెను అడుగున ఉంచిరి. కొక్కెము వెనుకకు తెచ్చిన డొప్పలు అందులో రాలును. 1948లో మన దేశమున ఎన్.సి.సి. యేర్పడిన పిమ్మట ఎందఱో విద్యార్థులు మొదట చేపట్టి కాల్చినవి అట్టి .22 రైఫిళ్లే.

నేను బడిలో పనిచేయుచుండిన దినములలో అట్టి బాలుర వెంట ఒక శిబిరమునకు పోయితిని. ఇసుకమూటలపై రైఫిళ్లుంచి బాలురు వరుసగ పండుకొని కాల్చుచుండిరి. ఒక బాలుని రైఫిలు గడియ తెఱచుకొన్నది. కాని డొప్ప రాలేదు. వాడు తన జేబులోని చాకు తీసి, దాని కొనతో అంచును గీకి లాగబోయెను. వెనుక నిలిచిన హవల్దారు ఒక్క అడుగున వచ్చి వాని మణికట్టును పట్టుకొనెను.

“నాయనా, అది కాలిన తూటాయా, కాలనిదా?”

“కాలినదే సారూ. చప్పుడు వింటిని.”

“పదిమంది కాల్చుచున్నారు. నీవు విన్నది నీ తుపాకి చప్పుడో, ప్రక్కవానిదో నీకెట్లు తెలియును?”

బాలుడు మాటాడలేదు. హవల్దారు అందఱిని కాల్పు నిలుపుమని కేక వేసెను. మూతిని గుఱిబల్లవైపే యుంచి కొంతసేపు ఆగెను. పిమ్మట తానే వంగి చూచి, అంచుపై ముల్లు దెబ్బ లేదని కనుగొనెను. అది కాలని తూటాయే. ఆ బాలుడు చాకుతో గీకబోయిన అంచులోనే ప్రేలు మందు కలదు. గడియ తెఱచియుండగా అది ప్రేలినచో డొప్ప చీలి ముక్కలు వాని కన్నులలో పడియుండును. హవల్దారు మెల్లగ గడియను మరల మూసి తెఱవగా మూడవమాటు కొక్కెమునకు పట్టు దొరకి తూటా వెలికి వచ్చెను. సాయంకాలము ఆ గడియను ఊడదీసి కొక్కెమును నా అరచేతిలో పెట్టెను. దాని పంటి కొన కుంకుడుగింజవలె గుండ్రబడియుండెను. “పంతులుగారూ, ఈ పన్ను అరుగుట యెవ్వరును చూడరు. చాకు తీసిన బాలునే అందఱు తిట్టుదురు” అనెను. ఆ మాట నేను మఱువలేదు. ఆ రాత్రియే తుపాకులన్నిటి కొక్కెములు పరీక్షింపబడెను.

ఇప్పుడు నేటి కాలమునకు వత్తము. చౌకగ చేయు .22 రైఫిళ్లలో పెక్కింటికి కొక్కెమును ఉక్కురేకునుండి అచ్చుగ్రుద్ది తీయుదురు. అచ్చులో తెగిన అంచు సహజముగ కొంచెము గుండ్రముగ నుండును. క్రొత్తలో పట్టును. వేలకొలది తూటాలు కాలిన పిమ్మట జాఱును. అందుచేత అమెరికా మొదలగు దేశములలో రైఫిలు చేసిన కంపెనీ కాక వేఱు కర్మాగారములు మేలైన కొక్కెములను విడిగ చేసి అమ్ముట వాడుకయైనది. అయోవా రాష్ట్రమునందలి వోల్‌క్వార్ట్‌సెన్ కర్మాగారము అట్టివానిలో పేరెన్నికగన్నది. వీరు పనిముట్లు చేయు గట్టి ఉక్కును తీసికొని, విద్యుత్తు నిప్పురవ్వలతో కోయు సన్నతీగ యంత్రమున కొక్కెమును కోయుదురు. పంటి కొన చుఱుకుగ నిలుచును. లాగుచున్నప్పుడు డొప్ప జాఱక లోనికే దిగునట్లు పంటి వాలును సవరింతురు. వెనుకనుండి నొక్కు స్ప్రింగును సైతము మార్తురు. వస్తువు గోరంత. ఫలము కొండంత.

అయినను మెఱుగునకు హద్దు కలదు. స్ప్రింగు మితిమీఱి బిగువైనచో గడియ మూయుట కష్టమై అంచు నలుగును. పన్ను పొడవైనచో గొట్టపు మొగమును తాకును. అంచులోనే ప్రేలు మందుండుటచే నలుగుట ప్రమాదము. మఱియు డొప్ప రాని ప్రతిమాటును కొక్కెమే దోషి కాదు. .22 గుండుకు మైనమో క్రొవ్వో పూయుదురు. అదియు, సీసపు పొడియు, మందు మసియు తూటా అఱలో పేరుకొని గట్టిపడును. అఱను శుభ్రపఱచిన మాత్రముననే సగము జబ్బులు పోవును. తెలిసిన పనివాడు ముందు అఱను తుడుచును, పిమ్మట స్ప్రింగును చూచును, కడపట కొక్కెమును మార్చును. తెలియనివాడు కొక్కెముతో మొదలిడి అఱను తుడుచుట మఱచును. వైద్యమునందును ఇదియే మర్యాద. పథ్యము చెప్పక మందు మార్చు వైద్యుని మనము నమ్ముదుమా?

మన దేశమున ఈ మెఱుగులకు చట్టపు గడియ కూడ కలదు. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున వచ్చిన ఆయుధ చట్టము లైసెన్సు లేక దేశీయుల చేతిలో తుపాకి యుండరాదని శాసించెను. తెల్లవారికి మినహాయింపు నిచ్చుటచే అది మన పెద్దల మనసును గాయపఱచినది. స్వతంత్ర భారతమున 1959లో చేసిన చట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చెను. అందు జాతి భేదము లేదు. కాని ఆయుధముపై కట్టు కలదు. ఆ చట్టము తుపాకి భాగములను సైతము తుపాకిగానే యెంచును. తుపాకిని చేయుట, అమ్ముట, రూపు మార్చుట, బాగుచేయుట లైసెన్సు పొందినవారు మాత్రమే చేయదగిన పనులు. కావున అమెరికావాడు తన బల్లపై కూర్చుండి తానే మార్చుకొను కొక్కెమును మనము అట్లు మార్చుకొనరాదు. లైసెన్సుగల పనివాని యొద్దకు పోవలయును. పంట కాపుకొనుట కని రైతు కోరదగినదిగ ఆ చట్టము మొదట చెప్పునది నేటికిని మూతినుండి నింపు తుపాకియే. తాతల జామగి తుపాకి వంశమునకు చట్టమునందు మిగిలిన చోటు అది.

ఇక్కడ గ్రామపెద్దలకు ఒక మాట విన్నవింపవలయును. ఆదవాని, ఆలూరు, ఎమ్మిగనూరు నల్లరేగడి పొలములలో కృష్ణజింకలు మందలుగ వచ్చి పైరు మేయుట మనకు తెలిసిన బాధయే. రైతు కడుపుమంట న్యాయమైనది. కాని కృష్ణజింక 1972 వన్యప్రాణి చట్టమున మొదటి పట్టికలోని జీవము, మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు జంతువు. దానిని చంపినవానికి చెఱసాల తప్పదు. ఎవడో పడుచువాడు ఎక్కడనో దొరకిన పాత రైఫిలును తెచ్చి, కొలిమిలో కొక్కెము సవరింపించి, రాత్రివేళ పొలమునకు పోవుట మీ చెవినబడినచో, అది చిన్న సంగతి యని విడువకుడు. పంట నష్టమునకు అటవీశాఖకు అర్జీ పెట్టించుడు. అర్జీ ఫలము ఆలస్యమగును, నిజమే. కాని కన్ను పోయిన పిమ్మటను, కొడుకు చెఱకు పోయిన పిమ్మటను ఏ అర్జీయు పనికిరాదు.

తుపాకికి సత్కీర్తి తెచ్చు చోటును కలదు. 2024 ఆగస్టు 1వ తేదీన పారిసు ఒలింపికు క్రీడలలో మహారాష్ట్రమున కొల్హాపూరు ప్రాంతపు యువకుడు, రైల్వే ఉద్యోగి, స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిలు మూడు భంగిమల పోటీలో కంచు పతకము గెలిచెను. ఆ పోటీలోని తూటా మనము చెప్పుకొన్న .22 రిమ్‌ఫైరే. ఫ్లోబర్ట్ వినోదపు తూటా పుట్టిన ఊరును అదే పారిసు. గుఱిబల్ల నడుమనున్న పది అంకెల వలయము అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. ఒంటికాలి మోకాటిపై కూర్చుండియు, పండుకొనియు, నిలుచుండియు కాల్చి దానిని కొట్టవలయును. ప్రతి గుండు పిమ్మటను ఖాళీ డొప్ప మాట తప్పక వెలికి రావలయును. లోకమంతయు పతకమును చూచినది. డొప్పను తీసిన కొక్కెమును ఎవరును చూడలేదు. చూడనక్కఱ లేకుండుటయే దాని పని చక్కగ సాగెననుటకు గుర్తు.

మహాజనులారా, ఆదవాని దుర్గమున ఫిరంగులు మ్రోగిన నాటినుండి నేటివఱకు తుపాకి కథలో గట్టిగ మ్రోగినవాని పేర్లే మిగిలినవి. కాని మ్రోత ముగిసిన పిమ్మట మిగిలినదానిని తీసివేసి మఱియొకదానికి చోటు చేయు చిన్న పని చెడినందున అబూక్లియాలో సైనికులు నిస్సహాయులైరి. ఆ పన్ను అరుగుటను ఒక హవల్దారు గుర్తించినందుననే ఒక బాలుని కన్నులు నిలిచినవి. మన యిండ్లలోను, పంచాయతీలలోను, మగ్గములలోను అట్టి కొక్కెములు కలవు. వానిని విఱిగిన దినమున కాక, అరుగుచున్న దినముననే చూచుట పెద్దల పని.